వంకరగా బిగించిన ప్లగ్గు

మొన్న ఆదివారం పొద్దున గ్యాలరీలో నిలబడి చాయ్ తాగుతుంటే, కింద గల్లీలో పక్కింటతను తన పికప్పు బానెట్టు ఎత్తి, ఫోన్లో ఏదో వీడియో చూసుకుంటూ ప్లగ్గులు మారుస్తున్నాడు. ప్లగ్గు సరిగా కూర్చోకముందే పానా తగిలించి బలంగా తిప్పబోతుంటే, నాకు తెలియకుండానే "అరే, రుకో!" అని పైనుంచి కేక పెట్టాను. అతను తలెత్తి చూసి నవ్వాడు గానీ, నాకు మాత్రం మామ గుర్తొచ్చాడు.

మా మామకు, అంటే నాకు పిల్లనిచ్చిన మేనమామకు, పెట్రోలుతో నడిచే పాత పికప్పు ఒకటి ఉండేది. పాలమూరు కూలీలు పనిచేసే కట్టడాల దగ్గరికి సెంట్రింగు చెక్కలు, సిమెంటు బస్తాలు దాని మీదే చేరవేసేవాడు. బండిని ఏనాడూ మెకానిక్కు దగ్గరికి పంపి ఎరుగడు. ప్లగ్గు విప్పి, దాని కొనకు పట్టిన మసి చూసి, వైద్యుడు నాలుక చూసి చెప్పినట్టు ఇంజను సంగతి చెప్పేవాడు. కామాటిపురలో మా చుట్టుపక్కల మన తెలుగువాళ్ల బండి ఏది మొండికేసినా ఆయనకే కబురు వచ్చేది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, పెళ్లయి నాలుగు నెలలు. గ్రాంట్ రోడ్ దుకాణంలో పని పోయి, మామ ఇంట్లోనే ఉంటూ ఆయన వెంట బండి మీద తిరిగేవాణ్ణి.

ఒక పొద్దున మేముండే వరస గదుల చాల్ ముందు బండి నిలిపి మామ మూడు ప్లగ్గులు మార్చాడు. ఇంతలో ఎవరో పిలిస్తే, నాలుగోదాన్ని ముట్టుకోవద్దని చెప్పి వెళ్లాడు. పైన గ్యాలరీలో బట్టలు ఆరేస్తూ నా భార్య చూస్తోంది. పని లేని మొగుణ్ణన్న చిన్నతనం లోపల కొరుకుతూనే ఉంది కాబట్టి, నాకూ చేతనవునని ఆమెకు చూపించాలనిపించింది. ప్లగ్గు వంకరగా పట్టుకుంది. వెనక్కి తీయాల్సింది పోయి, పానా వేసి బలమంతా పెట్టి తిప్పాను. కిర్రుమంది. బిగిసిందిలే అనుకున్నాను.

మామ తిరిగి వచ్చి, నాలుగోది బిగించి ఉండడం చూసి, "చేత్తోనే తిప్పి పెట్టినవా?" అని అడిగాడు.

"చేత్తోనే, మామా" అన్నాను.

ఆ మధ్యాహ్నం వర్లిలో, సరుకు దించే చోటుకు ఇంకా కాస్త దూరముందనగా, ప్లగ్గు ఊడి ఢామ్మని బానెట్టుకు కొట్టుకుంది. బండి నిలిచిపోయింది. మామ దిగి, ప్లగ్గు ఊడిన రంధ్రంలో వేలు పెట్టి, చెడిపోయిన మరలను తడిమి చూశాడు. అంతలో సరుకు కోసం చూస్తున్న కట్టడం మేస్త్రి పరుగున వచ్చి, కూలీలందరి ముందూ, "కండ్లు కనవడ్తలేవా ముసలోడా, ఇంట్ల గూసోరాదు!" అని అరిచాడు. మామ ఒక్కసారి నా వైపు చూశాడు.

"అవు మేస్త్రీ, నా చెయ్యే తప్పింది" అన్నాడు.

నేను క్యాబిన్లో కూర్చునే ఉన్నాను.

ఆ మాట మా గల్లీ దాకా పాకింది. మేస్త్రి వేరే బండి మాట్లాడుకున్నాడు. మామను పిలిచేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఇంజను బాగయ్యాక ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టి గ్యాలరీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. మళ్లీ ప్లగ్గులు మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం కిందికి దిగి నా పక్కన నిలబడి, "ముందు వేళ్లతోని తిప్పు బిడ్డా. అడ్డం వడితె చేతికి ఎర్కైతది, పానాకు ఎర్కగాదు" అన్నాడు, ఎంతో మెల్లగా. ఆయనకు తెలుసని అప్పుడర్థమైంది. అప్పుడైనా చెప్పవలసింది. తల వంచుకుని ప్లగ్గు తిప్పుతూ ఉండిపోయాను. ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడాయన, నేను చెప్పనేలేదు.

మొన్న నా భార్యకు చెప్పేశాను. మెంతికూర తుంచుతున్న ఆమె చెయ్యి ఆగలేదు.

"నాకెర్కే. పైనించి జూడలేదా నేను? నాయినతోటి అంటె, 'అల్లుడు సిగ్గువడ్తడు, అడగకు' అన్నడు."

పదడుగుల గదిలో చీర తెర కట్టుకుని అటు మామవాళ్లూ ఇటు మేమూ బతికిన రోజులవి. దగ్గినా అందరికీ వినబడే ఆ గదిలో, తండ్రీ కూతుళ్లిద్దరూ నా తప్పును చూసీ చూడనట్టు మోశారు. ఇప్పుడు సగం చాల్ ఖాళీ అయింది. మనవాళ్లు గదికో తలుపున్న ఫ్లాట్లకు వెళ్లిపోతున్నారు, ఎవరి తప్పు వాళ్లు లోపలేసుకుని గడియ పెట్టుకోవచ్చు. నేను మాత్రం ఆ చీర తెర అవతలి మనిషిని "మామా" అని ఒక్కసారి పిలిచి నిజం చెప్పి ఉంటే బాగుండేదని, ఈ వయసులో, సిగ్గుతో అనుకుంటున్నాను.