పసుపు గోదాంలో అక్క కంపెనీ

కంపెనీ అంటే హైదరాబాద్‌లోనే పెట్టాలనేవాళ్లను చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మా అక్క కంపెనీ ఆర్మూర్‌లో, మా బాపు పసుపు గోదాంలో పుట్టింది. ఇంకోచోట పుట్టేదే కాదు.

బాపు అడ్తిదారు. రైతులు తెచ్చిన పసుపును వ్యాపారులకు అమ్మిపెట్టేవాడు. సీజన్‌లో రోజూ ఒకటే లొల్లి. సరుకు ఎండిందని రైతు, పచ్చిగా ఉందని వ్యాపారి. బాపు పసుపుకొమ్మును చెవి దగ్గర విరిచి, చప్పుడు విని తీర్పు చెప్పేవాడు. ఆ లొల్లి వింటూ పెరిగిన అక్క, నిజామాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి వచ్చి, పసుపులో తేమ చూపే మిషన్ తయారుచేస్తానంది. తొంభైల మొదట్లో మా వాడలో ఆడపిల్ల నోట అలాంటి మాట ఎవరూ వినలేదు.

వానాకాలం గోదాం ఖాళీగానే ఉండేది. బాపు అందులో ఒక మూల ఇచ్చాడు.

"ఉగాది దాంక చూస్త బిడ్డా. అప్పటికి ఎవ్వరు తీస్కోకపోతే హైదరాబాద్‌ల నౌకరికి పోవాలె. మల్ల అలుగొద్దు" అన్నాడు.

ఆ నౌకరీ అప్పటికే సిద్ధంగా ఉంది. అక్క మనసు మాత్రం ఆ మూలలోనే ఉంది. ఆమె వెళ్లిపోతుందేమోనని నాకు ఒకటే దిగులు.

కావలసినవన్నీ మా బజారులోనే దొరికాయి. బోరు మోటార్లు ఎప్పుడూ కాలిపోయే ఊరు కాబట్టి వైండింగ్ దుకాణాలకు కొదవ లేదు; వాళ్లు తీగ చుట్టి ఇచ్చారు. సందూక పెట్టెలు చేసే ఆయన రేకు డబ్బా చేసిచ్చాడు. ఇక కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు, పొలాల్లో మోటార్లు నడిస్తే ఇంట్లో బల్బు మినుకుమనేది. "మిషన్ గీ కరెంటుకు తట్టుకున్నదంటే యాడనన్న నడుస్తది" అని అక్క నవ్వేది. సాయంత్రం జడనిండా పసుపు దుమ్ముతో ఇంటికొచ్చేది.

మిషన్ మీద ఒక చిన్న గిన్నె. అందులో దంచిన పసుపు వేసి మీట నొక్కితే ముల్లు తేమ చూపేది. ఉగాదికి కొద్దిరోజుల ముందు దాన్ని పసుపు అమ్మే మార్కెట్ యార్డులో అందరి ముందూ పెట్టాం. ఏర్గట్ల ఊరినుంచి వచ్చిన, గలగలలాడేలా ఎండిన సరుకు వేస్తే ముల్లు చివరికంటా పోయి నిలబడింది. పచ్చి! ఇంకో కుప్ప వేశారు. అదీ పచ్చే. నవ్వులు మొదలయ్యాయి.

"మిషన్‌కు సర్ది పట్టినట్టుంది" అన్నాడొకాయన.

అక్క ముఖం పాలిపోయింది. ఏం చేయాలో తోచక నేను ఇంటికి పరుగెత్తాను. సంగతి వినగానే అమ్మ చేతిలోని చాట కింద పడేసింది.

"అయ్యో! పొద్దుగాల గిన్నెల సుత పసుపు రాసిన గద!"

మా ఇంట్లో కొత్త సామాను పసుపు కుంకుమ లేకుండా గడప దాటదు. అమ్మ తడి పసుపు గిన్నె లోపల కూడా మెత్తింది. ఆ గిన్నె ఎప్పుడూ పచ్చగానే ఉండేది కనుక అక్క కనిపెట్టలేకపోయింది.

అడ్తిదార్ల ఇళ్ల ఆడవాళ్లు యార్డులో అడుగుపెట్టేవాళ్లు కాదు. అమ్మ అంతమంది మగవాళ్ల మధ్యలోంచి నడిచివచ్చి, కొంగుతోనే గిన్నె తుడిచింది.

"తప్పు నాది. నా బిడ్డది గాదు, మిషన్‌ది గాదు" అంది.

నవ్వులు ఆగాయి. ఈసారి ఎండిన సరుకును ముల్లు ఎండినట్టే చూపింది. అయినా ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు బాపు తాను సొంతంగా కొన్న కుప్పలోంచి పిడికెడు తీసి దంచి ఇచ్చాడు. ఎండిందని పొద్దున ఒక వ్యాపారికి తానే మాటిచ్చిన సరుకది. ముల్లు పచ్చి అంది. అక్క తల ఎత్తలేకపోయింది. బాపు కుప్ప అడుగునుంచి ఒక కొమ్ము తీసి విరవబోయాడు. అది విరగలేదు, వంగింది.

"మిషన్ నిజం చెప్పింది. నా సరుకు పచ్చిదే. మల్ల ఎండబోస్త" అన్నాడు, అందరికీ వినపడేలా.

సాయంత్రానికి ఇద్దరు వ్యాపారులు మిషన్ కావాలంటూ గోదాంకు వచ్చారు. బాపును చూసి వాళ్లు మిషన్‌ను నమ్మారని నాకు తెలుసు. బాపు మొలనున్న తాళంచెవి విప్పి అక్క చేతిలో పెట్టాడు. "పసుపు యాడనన్న పోసుకుంట. గీ గోదాం నీదే" అన్నాడు. అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ రోజు నుంచి అమ్మ మాత్రం భయపడి మిషన్ల దగ్గరికే రాలేదు. ఆ ఇద్దరు వ్యాపారుల కోసం చేసిన రెండు మిషన్లు వాళ్ల ఇళ్లకు వెళ్లే రోజున అక్కే వాటిని వంటింట్లోకి తెచ్చింది. గిన్నె కిందికి, అడుగు పైకి వచ్చేలా డబ్బా బోర్లించి పట్టుకుంది.

"అమ్మా, పసుపు గిక్కడ పెట్టు" అంది.