గోదావరిలో ఊగిన గడ

మొన్న ఒక కాలువలో పాతిన వెదురు గడ వణుకుతుంటే చూస్తూ నిలబడిపోయాను.

డెబ్బైల మొదట్లో మేం గోదావరిఖనిలో ఉండేవాళ్లం. బాపుకి నేల కింద బొగ్గుబాయిలో పని. "ఇప్పుడు గోదారి దిక్కు తవ్వుతున్నం" అని ఆయన అమ్మతో అంటుంటే విన్నాను. మర్నాడు అమ్మ నది ఒడ్డున ఆయన మసి బట్టలు ఉతుకుతోంది. మోకాలి లోతు నీళ్లలో ఎవరో పాతిన గడ అటూ ఇటూ ఊగుతోంది. దాని వెనక సుడులు ఒకటి కుడిపక్క, ఒకటి ఎడమపక్క పుట్టి వరసగా సాగిపోతున్నాయి. నేను గడను గట్టిగా పట్టుకుంటే ఊగడం ఆగింది, సుడులూ చిన్నవయ్యాయి. వదిలితే మళ్లీ మొదలు. నది కింద తవ్వుతూ బాపే ఊపుతున్నాడనుకున్నాను. నీళ్ల మీదికి వంగి, "బాపూ, జల్ది రా!" అని అరిచాను.

సాయంత్రం ఆయన ఇంటికి రాగానే, "నేను పిలిస్తే ఇనబడ్డదా?" అని అడిగాను. సంగతంతా విని బాపు నవ్వలేదు. సెలవు రోజు నన్ను నదికి తీసుకెళ్లి, నా చెయ్యి గడ మీద పెట్టాడు.

"చూడు బిడ్డా, గడను దాటినంక నీళ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు సుడి తిరుగుతయి. ఆ సుడులే గడను గుంజుతయి. కింద ఎవ్వరు లేరు."

నాకు ఏడుపొచ్చింది. "మరి నువ్వు కింద ఉన్నప్పుడు నేనెట్ల పిలవాలె?"

బాపు గడ మీంచి నా చెయ్యి తీశాడు. "పిలువకు. షిఫ్టు అయినంక నేనే వస్త," అన్నాడు.

బాయిలో ఎప్పుడు ఏ ప్రమాదం జరుగుతుందో చెప్పలేమని, ఆ మాట నిలబెట్టుకోవడం ఆయన చేతిలో లేదని పెద్దయ్యాకే తెలిసింది. అయినా రిటైరయ్యేదాకా ఆయన మాట తప్పలేదు.