రెండో మలుపు దగ్గర లడ్డూ

యూనివర్సిటీలో ఫిజికల్ డైరెక్టర్‌గా నా ఉద్యోగంలోని ఆఖరి మూడేళ్లు మెయిన్ గ్రౌండ్ బాధ్యత నాకు అప్పగించారు. కరోనా తగ్గి క్లాసులు మళ్లీ మామూలుగా మొదలైన ఏడు ఆ పని నా చేతికొచ్చింది. ఫిజికల్ డైరెక్టర్‌ను క్యాంపస్‌లో పి.డి. అంటారు. బయటివాళ్లకు ఈ ఉద్యోగమంటే మెడలో విజిల్, నెత్తిన టోపీ, అంతే. ట్రాక్ చదును చేయించి నీళ్లు కొట్టించడం, సున్నంతో లేన్ల గీతలు వేయించడం, లాంగ్‌జంప్ పిట్‌లో ఇసుక తవ్వించి గుల్ల చేయించడం కూడా మా పనే. వీటన్నిటికన్నా కష్టమైంది ఇంకొకటుంది. పొద్దున్నే వచ్చే జనం ఒకరి కాళ్ల కింద ఒకరు పడకుండా చూడటం.

మా విద్యార్థులు ఎలాగూ వస్తారు. తార్నాక నుంచీ అడిక్‌మెట్ నుంచీ వాకర్లు వస్తారు. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అందరికీ ఒకటే ట్రాక్. దానికో మర్యాద ఉంది. లోపలి రెండు లేన్లు పరుగెత్తేవాళ్లవి, బయటివి నడిచేవాళ్లవి. వెనకనుంచి ఎవరైనా "ట్రాక్!" అని అరిస్తే ముందున్నవాళ్లు తిరిగి చూడకుండా బయటికి జరగాలి. తిరిగి చూశారా, ఇద్దరూ పడతారు. ఈ ఒక్క ముక్క చదువుకున్నవాళ్లకు ఎక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది.

అప్పుడే లడ్డూ వచ్చింది. పసుపు రంగు లాబ్రడార్ కుక్క. పేరుకు తగ్గట్టే గుండ్రంగా ఉండేది. యజమానురాలు సుగుణమ్మగారు తార్నాకలో ఉంటారు, పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరయ్యారు. అందరూ సిస్టరమ్మ అనేవారు. గేటు దాటగానే ఆమె లడ్డూ మెడ పట్టీకున్న తాడు విప్పేసేవారు. "పొద్దంత ఇంట్లనే పడుంటది మేడం, గీడనన్న ఉరకనియ్యుండ్రి" అనేవారు. అది ఉరికి ఉరికి నేరుగా నా లాంగ్‌జంప్ పిట్‌లోకి పోయేది. ఇసుక తవ్వేది. ఒక్కోరోజు తవ్వడంతో ఆగేది కాదు. సిస్టరమ్మ వెంట తెచ్చుకున్న కాగితంతో ఎత్తేసేవారు, కాదనను. కానీ ఆ ఇసుకలో మా పిల్లలు మొహాలు ఆనేలా పడతారు కదా! షాట్‌పుట్ విసిరే రోజుల నుంచీ నాది పెద్ద గొంతు. నీకు విజిల్ దండగ అని తోటివాళ్లు ఏడిపించేవారు. ఆ గొంతుతో నేను కేకేస్తే, పిలిచాననుకుని లడ్డూ తోకాడించుకుంటూ నా దగ్గరికే వచ్చేది. దానితో ఏం వేగను?

కుక్క ఎవరి మీదికి పోయినా సిస్టరమ్మ దూరం నుంచి ఒకే మాట అనేవారు. "ఏమనదు." ఆమె ఒక్కరే అనే మాట కాదిది. కుక్కను పెంచే ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. కాకిపిల్ల కాకికి ముద్దు. ఎదుటివాడి గుండె ఎలా కొట్టుకుంటోందో ఆ మాట అనేవాళ్లకు పట్టదు.

స్వప్న క్యాంపస్ పక్కనే ఉన్న మాణికేశ్వర్ నగర్ పిల్ల. వ్యవసాయం గిట్టక నల్గొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం. తల్లి మా హాస్టల్ మెస్‌లో వంట చేసేది. డిగ్రీ అయ్యాక ఆ అమ్మాయి కానిస్టేబుల్ మొదటి రాతపరీక్ష దాటింది. ఆ తర్వాత దేహదారుఢ్య పరీక్షలుంటాయి. పిల్లలు వాటిని ఈవెంట్స్ అంటారు. ఆడపిల్లలు ఎనిమిది వందల మీటర్లు గడువులోగా పరుగెత్తాలి, అంటే మా ట్రాక్ మీద రెండు చుట్లు. అందులో పోతే ఇక ఇంటికే. తర్వాతి నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, వయసేమో ఆగదు. "ఈసారి కాకుంటే మెస్‌ల అమ్మ పక్కన నిలబడుడే మేడం" అని నవ్వుతూ అనేది. నవ్వేదే గానీ చేతులు నలుపుకునేది. నా విద్యార్థిని కాకపోయినా నేను ఆమె పరుగు చూసేదాన్ని. భుజాలు వదులుగా, అడుగు పొడుగ్గా పడేది. నేర్పితే వచ్చేది కాదది.

ఈవెంట్స్ ఇంకో నెల రోజులుండగా, ఒక పొద్దున స్వప్న రెండో చుట్టులో ఉంది. రెండో మలుపు దగ్గర లడ్డూ ఆమె వెంటపడింది. పరుగెత్తేదాన్ని తరమడం కుక్కకు ఆట. స్వప్నకు మాత్రం చిన్నప్పుడు ఊళ్లో కుక్క పిక్క పట్టుకుని ఈడ్చిన జ్ఞాపకం ఉంది. వెనక్కి చూసింది, బిగుసుకుపోయింది, పడింది. రెండు మోకాళ్లూ చీరుకుపోయాయి. లడ్డూ ఆమె పక్కన నిలబడి మొహం నాకబోతోంది. అవతలి గోల్‌పోస్టు దగ్గరి నుంచి సిస్టరమ్మ "ఏమనదు బిడ్డా, ఏమనదు!" అని అరుస్తున్నారు. కుక్క మీద కన్నా ఆ మాట మీదే నాకు ఒళ్లు మండింది. పెద్దావిడని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు కేకలేశాను.

ఇక గ్రౌండ్ రెండు పక్షాలైంది. "మనుషులకే జాగ లేదు, కుక్కలకు వాకింగా?" అని ఒకాయన. "క్యాంపస్‌ల వీధి కుక్కలు తిరుగుతలేవా? వాటినేం జేస్తరు?" అని ఇంకొకాయన. మాట మాట పెరిగి పై ఆఫీసుకు చేరింది. పెంపుడు జంతువులను గ్రౌండ్‌లోకి తీసుకురాకూడదని ఉత్తర్వు వచ్చింది. నేనే దగ్గరుండి గేటుకు బోర్డు కొట్టించాను. మర్నాడు సిస్టరమ్మ వచ్చి ఆ బోర్డు చదివి, "మంచిది మేడం" అని లడ్డూను తిప్పుకుని వెళ్లిపోయారు. ఒక్క మాట తూలలేదు. నాకు సగం బలం అక్కడే పోయింది.

మోకాళ్లు మానాక స్వప్న మళ్లీ వచ్చింది. గ్రౌండ్‌లో కుక్క లేదు. అయినా స్టాప్‌వాచ్ ఒప్పుకోలేదు. మొదటి చుట్టు బాగానే పరుగెత్తేది. రెండో చుట్టులో ఆ మలుపు రాగానే తల వెనక్కి తిరిగేది. తల తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే అడుగు పొట్టిదవుతుంది. రోజూ గడువు దాటిపోయేది. ఒకరోజు ఆపి తిట్టాను. కుక్క లేదని తెలుసు కదే, మరెందుకు చూస్తున్నావన్నాను.

"నాకు తెలుసు మేడం. కాళ్లకే తెల్వది" అంది.

స్టాప్‌వాచ్ జేబులో వేసుకున్నాను. ఆ అమ్మాయే, నేల చూపులు చూస్తూ, నేను కలలో కూడా ఊహించని మాట అడిగింది. "ఆ సిస్టరమ్మను మళ్ల రమ్మనుండ్రి మేడం. కుక్కను పట్టుకొని గాడ మలుపు కాడ నిలబడమనుండ్రి. యాడుందో కండ్లకు కనిపిస్తే నేను ఉరుకుత. కనిపిస్తలేదు కాబట్టే యెనకకు చూడబుద్ధైతున్నది. ఈవెంట్స్ గ్రౌండ్‌ల పోలీసు కుక్కలు గుడ ఉంటయంట."

బోర్డు కొట్టించింది నేను. ఇప్పుడు దాన్ని దాటించమని అడగాల్సిందీ నేనే. పై ఆఫీసుకెళ్లి నా పూచీ మీద, తాడుతో, ఒకే చోట, పొద్దున కాసేపు అన్న షరతులతో నోటి మాటగా అనుమతి తెచ్చుకున్నాను. ఆ సాయంత్రమే తార్నాకలో సిస్టరమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. తలుపు తీశారో లేదో, లడ్డూ రెండు కాళ్లూ ఎత్తి నా భుజాల మీద వేసింది. సిస్టరమ్మ అలవాటుగా "ఏమన..." అని, నాలుక కరుచుకుని దాన్ని లాగిపట్టుకున్నారు. మొదట అడిగింది స్వప్న మోకాళ్ల గురించి. కుట్లు పడ్డాయా, టీటీ ఇంజెక్షన్ చేయించుకుందా అని. నేను వచ్చిన పని చెప్పాను. కోప్పడతారనుకున్నాను, కనీసం దెప్పుతారనుకున్నాను. ఆమె టీ పెట్టడానికి లేచి, గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడి అటు తిరిగే మాట్లాడారు.

"నౌకరీ అంతా సూదులిచ్చుడే మేడం. ఏ ఒక్క పిల్లగానికి గుడ నొప్పి లేవదని చెప్పలే. అబద్ధం చెప్తే ఇంకోపారి మనల్ని నమ్మరు. చెయ్యి నేను పట్టుకున్న బిడ్డా, నువ్వు అటు చూడు అంటుంటి. గంతే. మరి నా కుక్క కాడికొచ్చేసరికి ఆ తెలివి యాడికి వోయిందో!"

నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె టీలో చక్కెర ఎక్కువైంది, అయినా రెండోసారి కూడా తాగాను.

మర్నాటి నుంచి రోజూ సాధన చేశాం. మొదట సిస్టరమ్మను ట్రాక్‌కు దూరంగా గోల్‌పోస్టు దగ్గర నిలబెట్టాను. తాడు మోచేతి పొడుగు మించకూడదు. కుక్కకూ ట్రాక్‌కూ మధ్య మనిషి ఉండాలి. స్వప్న వాళ్ల దగ్గరికి వచ్చేముందు తనే "ట్రాక్!" అని అరవాలి. వెంటనే సిస్టరమ్మ లడ్డూను కూర్చోబెట్టి, చెయ్యెత్తి, "పట్టుకున్న!" అని జవాబివ్వాలి. కుక్క మంచిదని చెప్పడం గానీ, దగ్గరికి రా, నిమురు అనడం గానీ చేయకూడదు. మొదటి రోజు స్వప్న బయటి లేన్‌లోకి పారిపోయింది. తర్వాత లోపలి లేన్‌లోనే వణుకుతూ పోయింది. లడ్డూకూ కష్టంగానే ఉండేది. కూర్చోమంటే పడుకునేది, పడుకుని మూలిగేది. మెల్లగా వాళ్లను మలుపు అంచుకు జరిపాను. సిస్టరమ్మ మోకాళ్ల నొప్పులతోనే ఒక్క పూటైనా మానకుండా వచ్చారు. ఆ "పట్టుకున్న!" వినడమే ఆలస్యం, స్వప్న తల నిటారుగా ఉండేది. ఒకరోజు స్టాప్‌వాచ్ నొక్కి చూస్తే గడువుకు బాగా లోపల ఉంది. నా కళ్లు చెమర్చాయి. ఎవరైనా చూస్తారని విజిల్ ఊది, అవతల క్రికెట్ ఆడుకునేవాళ్లను ఊరికే అదిలించాను.

ఈవెంట్స్ అయిన రోజు స్వప్న ఇంటికి పోకుండా గ్రౌండ్‌కే వచ్చింది. పరుగు దాటానని చెప్పడానికి నోరు తెరిచి ఏడ్చేసింది. సిస్టరమ్మకు ఫోన్ కలిపిచ్చాను. "ఉరికింది నువ్వు బిడ్డా, నేను ఊకె నిలబడ్డ" అన్నారట. తర్వాత పై ఆఫీసును ఒప్పించి గేటు మీది బోర్డు తీయించి, తాడు లేకుండా కుక్కలను తేకూడదని ఇంకొకటి రాయించాను. సిస్టరమ్మ దగ్గరుండి మిగతా కుక్కలవాళ్లకు కూర్చోబెట్టడం నేర్పించారు. నా గొంతు వల్ల కానిది ఆమె వల్ల అయింది.

నా ఉద్యోగంలో చివరి బోనాల రోజు, తార్నాకలో ఊరేగింపు చూస్తూ నిలబడ్డాను. డప్పులు, పోతరాజులు, ఇసుక వేస్తే రాలని జనం. ఒకాయన పెద్ద జర్మన్ షెపర్డ్‌ను తాడు వదులుగా పట్టుకుని ఆ గుంపులోకే వచ్చాడు. కుక్క డప్పులకు బెదిరి అటూ ఇటూ గుంజుతోంది. చంకలో పిల్లతో ఒకావిడ వెనక్కి ఒదిగింది. ఆయన ధీమాగా "ఏమనదమ్మా" అన్నాడు.

బందోబస్తులో ఉన్న మహిళా కానిస్టేబుల్ జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి వచ్చింది. స్వప్న. మిగతా పరీక్షలూ ట్రైనింగూ దాటి ఆ ఏడే డ్యూటీలో చేరింది. కుక్కకు కొంచెం దూరంలోనే ఆగింది. "ఏమనదని ఆమెకెట్ల తెలుస్తది సార్? మీరు పట్టుకున్నరా లేదా, అది చెప్పుండ్రి. పట్టుకుంటే దగ్గరికి పట్టుకొని గా గల్లీల నిలబడుండ్రి. డప్పులకు అది గుడ భయపడుతున్నది" అంది. ఆయన గొణుక్కుంటూనే తాడు చేతికి చుట్టుకుని పక్క గల్లీలోకి తప్పుకున్నాడు. చంకలో పిల్ల ఉన్నావిడ ముందుకు వచ్చి నిలబడింది.

జనం పలచబడ్డాక పలకరించాను. భయం పోయిందా అని అడిగాను. "యాడ వోతది మేడం! ఇప్పుడు గుడ కాళ్లు వణుకుతున్నయి చూడుండ్రి" అని నవ్వింది. సిస్టరమ్మ ఎలా ఉన్నారని అడిగి, డ్యూటీ దిగాక వాళ్లింటికి పోతున్నానంది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను చాలా మందికి పరుగు నేర్పాను. గుంపులో ఎలా మసలాలో నాకు నేర్పింది మాత్రం వీళ్లిద్దరే. వాళ్లకు రుణపడి ఉన్నాను. ఎదుటివాళ్ల భయం పోగొట్టడం మన పని కాదు. మన చేతిలో ఉన్నదాన్ని మనం గట్టిగా పట్టుకోవాలి, పట్టుకున్నామని వాళ్లకు వినపడేలా చెప్పాలి.