ముసుగుల ఓర్సోలా

వెనిస్ సందులో ముసుగులమ్మే ఓర్సోలాకు గోళ్లనిండా ఎండిన జిగురు. కాగితపు గుజ్జుతో చేసిన ఆ ముఖాలు తడిస్తే కరిగిపోతాయి కనుక, యాత్రికులతో బేరమాడుతున్నా ఆమె చెవి బయటే ఉంటుంది. సముద్రం పొంగే ముందు ఊరి సైరన్ మోగుతుంది. పోటు ఎంత పెద్దదైతే అంత ఎక్కువ స్వరాలు. ఒక్కో స్వరానికి సరుకును ఒక్కో అర పైకెక్కించడం ఆమె అలవాటు. ఆ నవంబరు సాయంత్రం వరసగా మూడు వినబడ్డాయి. ముసుగులన్నీ పై అరకు చేరుతున్నాయి.

"అక్కా, అవన్నీ వదిలేసి మేడెక్కు!" పక్క కొట్టు బెప్పీ అరిచాడు.

"నీవి గాజుబొమ్మలు, కడుక్కుంటే సరి. నావి ముఖాలురా!" అంటూ చివరిదాన్ని సర్దింది.

అప్పుడు నాలుగో స్వరం మోగింది. ఓర్సోలా తండ్రి కొట్టించిన అరలు మూడే.