బసప్ప గోడ మీద మా మేకు

మూడు రోజులుగా మా మిల్లంతా మాడిన గ్రీజు వాసన, దాని అడుగున తడి వడ్లు ఉడుకెత్తుతున్న వాసన. వానకు తడిసి, కురుగోడు రైతులు తెచ్చిన వడ్లు కుప్పలుగా పడి ఉన్నాయి, వాటిని ఆరబెట్టే డ్రయ్యరులో బేరింగు కాలిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని పాటలు వినిపించి, చివరికి ఒకమ్మాయి, వారంలో ఇంజనీరు వస్తాడు, ఫోటో పెట్టండి అంది. అప్పటికి వడ్లు మొలకెత్తుతాయి తల్లీ అంటే, మీ ఫిర్యాదు నమోదైంది అంది. ఒళ్లు మండిపోయింది.

నా చిన్నప్పుడు ఈ మిల్లు నడిపిన మా అవ్వకు ఫోటోల గొడవే లేదు. ఏది విరిగినా ఆ ముక్కనే పాత చీర పేలికలో మూటగట్టి, నన్ను వెంటేసుకుని బళ్లారి బస్సెక్కేది. ఎండాకాలమైతే మూటలోంచి గ్రీజు కరిగి నా పావడాకు అంటేది, వానాకాలమైతే రేగడి బురద మా చెప్పులతో పాటు బస్సెక్కేది. బసప్ప స్పేర్‌పార్టుల కొట్టు గోడంతా మేకులే, మిల్లుకొక మేకు. తెచ్చిన పాత ముక్కను మా మేకుకు తగిలించి, ఆ కొలతది కొత్తది తీసేవాడు, మరోసారి కొలత అడిగే పనే ఉండేది కాదు. తీసేముందు తిట్టడం మాత్రం మానడు.

“ఏందవ్వా, గ్రీజు పెట్టేకి ఏం కష్ట నీకు? దీన్ని సంపేసినారు కదా!”

“నువ్విచ్చిందే అట్లుండాది బసప్పా. మాటలాపి రా, నువ్వే వచ్చి బిగించు.”

సణుక్కుంటూనే సుత్తి సంచితో మా బస్సే ఎక్కేవాడు. ఆయన బిగించేలోపు అవ్వ బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపి మిరపకాయ బజ్జీలు వేసేది, సాయంత్రానికి మిల్లు ఆడేది. ఆయుధపూజకు మిషన్ల ముందు పెట్టిన పూర్ణం ఓళిగల్లో మొదటి పొట్లం ఆయన కొట్టుకే వెళ్లేది.

ఆ పొత్తు తెంచింది నేనే. అవ్వ పోయాక కంపెనీవాళ్ల రంగుల పుస్తకం చూసి ఈ కొత్త డ్రయ్యరు కొన్నాను. బసప్ప చూసిపోవడానికి వచ్చి, “పాపా, దీని బేరింగు మన కడ యాడా సిక్కదు” అన్నాడు. తన బేరం పోయిందని ఏడుపు అనుకున్నాను, మళ్లీ ఆ కొట్టు గడప తొక్కలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఇవాళ దిక్కులేక, కాలిన బేరింగును పేలికలో కట్టుకుని అక్కడికే వెళ్లాను. బసప్ప పోయి ఏడాదైందట. ఆయన కొడుకు ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. మేకులన్నీ ఉన్నాయి, మూడో వరుసలో మాది కూడా, దాని నిండా కవర్లు.

“నాయన సామాన్లు పాత ఇనుము కింద గుజరీకి ఏసేస్తిమి అక్కా,” అన్నాడు. “మీరెవరూ రాకపోతిరి కదా.”

మూట ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగొచ్చాను. కుప్పలో చెయ్యి పెడితే వడ్లు వెచ్చగా తగిలాయి. పిడికిలి విప్పి చూస్తే తెల్లటి మొలకలు.