సుత్తి దెబ్బకి అడ్డుపడ్డ అన్న

ఈ రోజు మధురవాడలో, కంప్యూటర్ ఫైలుని బట్టి చెక్కే సీఎన్‌సీ రూటర్ మెషిన్‌తో చెక్క బొమ్మలు చేసే నా షాపులో రక్తం చిందింది. సముద్రంలో పోయిన తండ్రి వల లాగుతున్నట్టు టేకు పలక మీద బొమ్మ చెక్కించుకున్న అన్నదమ్ములు, అది ఎవరింట్లో ఉండాలో తేలక కలబడ్డారు. తమ్ముడు నా బల్ల మీది సుత్తి లాక్కుని, తనకి దక్కనిది ఎవరికీ వద్దంటూ పలక మీదకి విసురుగా కొట్టాడు. అన్న తన తల కాచుకోలేదు, పలకకి అడ్డంగా వంగిపోయాడు. దెబ్బకి అతని భుజం చిట్లింది.

"అయ్యకి తగల్నేదు కదరా?" అన్నాడు అన్న, పలక మీది తండ్రి బొమ్మని తడుముతూ.

"నిన్ను సంపీసేవోణ్ని అన్నా!" అంటూ తమ్ముడు బావురుమన్నాడు. తన చొక్కా విప్పి కట్టు కట్టి, అన్నని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అదే ఫైలుతో మెషిన్ ఇంకోటి చెక్కుతుందని మొదట్నుంచీ అరుస్తూనే ఉన్నాను, ఇద్దరూ వినలేదు. ఇప్పుడు ఆ రెండోదే చెక్కుతున్నాను. మీరైతే మొదటిది ఎవరికిస్తారు?