వలలు కుట్టినవాళ్లు

కొండాపూర్‌లో ఓ కంపెనీ లాబీ తుడిచే సారమ్మకు అక్కడి గోడమీది బొమ్మంటే మొదట్లో చిరాకు. దగ్గర్నుంచి చూస్తే అన్నీ రంగు మరకలే. ఓసారి తడిగుడ్డతో రుద్దబోయి సూపర్‌వైజరు చేత చీవాట్లు తింది. మాపు పెట్టేవాళ్లు వెనక్కే నడుస్తారు. అలా గుమ్మందాకా వెళ్లి తలెత్తిన రోజు మరకలు మనుషులయ్యాయి. సముద్రపొడ్డున ఆడవాళ్లు చిరిగిన వలలు కుడుతున్నారు, నిజాంపట్నంలో వాళ్లమ్మ కుట్టినట్టే.

ఆదివారం బోరబండ చర్చిలో పాస్టరుగారు, వలలు విడిచి ప్రభువు వెంట నడిచిన శిష్యుల గురించి చెప్పారు. భక్తులు తమ అనుభవాలను సాక్ష్యంగా చెప్పే వేళ సారమ్మ లేచింది. టైమైందని ఆయన సైగ చేసినా కూర్చోలేదు.

"అయ్యగారండీ, వాళ్లు వదిలేసిన వలలు కుట్టి పిల్లలకు కూడు పెట్టిందెవరండీ? ఆ ఆడవాళ్లనీ ప్రభువు ఆ పనికే పిలిచాడండి. మా కంపెనీ గోడమీద కళ్లారా చూశాను. రోజూ చూస్తున్నాను."